మామగారి లక్ష, ఢిల్లీ డీజిల్, కొలీగ్ స్విఫ్ట్

ప్రశ్న: మాది హనుమకొండ. ప్రైవేటు డిగ్రీ కాలేజీలో లెక్చరర్‌ని. జీతం 46 వేలు. కాలేజీకి రోజూ బైక్ మీదే వెళ్తాను. అమ్మానాన్న నర్సంపేట దాటాక మా ఊళ్లో ఉంటారు. నెలకి రెండుసార్లు పిల్లలతో ఊరెళ్తాం. నాన్నకి మోకాళ్ల నొప్పులు, రెండు నెలలకోసారి హైదరాబాద్‌లో డాక్టరుకి చూపించాలి. అందుకే కారు కొందామనుకుంటున్నాను. చిట్టీ పాడుకున్న డబ్బు 3.50 లక్షలు చేతిలో ఉంది. షోరూమ్‌లో కొత్త హ్యాచ్‌బ్యాక్‌కి ఆన్ రోడ్ 7.60 లక్షలు చెప్పారు. 1.60 లక్షలు కడితే చాలు, మిగతా 6 లక్షలు ఏడేళ్ల లోను ఇప్పిస్తామన్నారు. కొత్త బండి అయితే మా మామగారు లక్ష ఇస్తానంటున్నారు. ఇక్కడ పాత కార్లు అమ్మే ఒక కన్సల్టెన్సీలో ఢిల్లీ రిజిస్ట్రేషన్ డీజిల్ కారు, 2017 మోడల్, 71 వేల కిలోమీటర్లు తిరిగింది, 3.40 లక్షలకి ఉంది. మా కొలీగ్ 2019 పెట్రోల్ స్విఫ్ట్ అమ్ముతున్నాడు. ఫస్ట్ ఓనరు, 58 వేలు తిరిగింది, 4.70 అడుగుతున్నాడు. లోను తీరిపోయిందట గానీ ఆర్సీలో బ్యాంకు పేరు ఇంకా ఉంది. తెలిసినవాడు కాబట్టి గట్టిగా బేరమాడాలంటే మొహమాటం. కొత్తదా, పాతదా? ఏది తీసుకోమంటారు?

జవాబు: సార్, మీ ఉత్తరంలో ధరలన్నీ ఉన్నాయి గానీ, ఈ కారు నెలకి ఎన్ని కిలోమీటర్లు తిరుగుతుందో ఎక్కడా లేదు. మీరు రాసినదాన్ని బట్టి నేనే లెక్కేశాను. ఊరికి రానూపోనూ 90 అనుకుంటే నెలకి రెండుసార్లు 180. హైదరాబాద్ వెళ్లి రావడానికి 300, రెండు నెలలకోసారి కాబట్టి నెలకి 150. పెళ్లిళ్లు, పేరంటాలు, భద్రకాళి గుడి, పిల్లల సరదా అన్నీ కలిపి టౌన్‌లో ఇంకో 120. మొత్తం 450. ఏడాదికి 5,400.

ఇప్పుడు షోరూమ్ వాళ్లు చెప్పిన లోను చూద్దాం. 6 లక్షలు, ఏడేళ్లు, వడ్డీ 9 శాతం అనుకుంటే ఈఎంఐ 9,650 చుట్టూ వస్తుంది. అన్ని కిస్తీలూ కట్టేసరికి వడ్డీకే 2.11 లక్షలు పోతాయి. ఆ ఏడేళ్లలో మీ బండి తిరిగేది 38 వేల కిలోమీటర్లు. లీటరు పెట్రోలు 107 రూపాయలు అనుకుని, లీటరుకి 18 కిలోమీటర్లు ఇస్తే, కిలోమీటరుకి పెట్రోలు ఖర్చు ఆరు రూపాయలు. బ్యాంకు వడ్డీ ఇంకో ఐదున్నర. అంటే బండి కదిలినప్పుడల్లా ఇంజిన్ ఎంత తాగుతుందో బ్యాంకు కూడా దాదాపు అంతే తాగుతుంది.

మామగారి లక్ష సంగతి కూడా ఇక్కడే తేలిపోతుంది. ఆయన ప్రేమతోనే ఇస్తున్నారు, కాదనను. కానీ ఆ లక్ష తీసుకోవడం కోసం బ్యాంకుకి రెండు లక్షలకి పైగా వడ్డీ కట్టే దారిలోకి వెళ్తున్నారు. కొత్త బండికి దండేసి, నిమ్మకాయలు తొక్కించి ఫొటో దిగితే ఆయనకీ తృప్తి, మీకూ తృప్తి. ఆ తృప్తికి ఏడేళ్ల పాటు 46 వేల జీతంలో 9,650 పోతుందని ఆయనకి కాగితం మీద రాసి చూపించండి. లెక్క తెలిసిన పెద్దమనిషి అయితే ఆ లక్ష పాత బండికైనా ఇస్తారు. ఇవ్వకపోయినా మీ పని ఆగదు. ఎలాగో తర్వాత చెప్తాను.

కొత్త బండి మీద నాకు కోపమేం లేదు. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 18 శాతానికి దిగింది. అంతకుముందు చిన్న పెట్రోల్ కార్లకి సెస్సుతో కలిపి 29 ఉండేది. మూడేళ్ల వారంటీ, మంచి సేఫ్టీ, రోడ్డు మధ్యలో ఆగిపోతుందేమోనన్న టెన్షన్ ఉండదు. మీరు రోజూ కారులోనే 50 కిలోమీటర్లు పోయి వచ్చేవారైతే కళ్లు మూసుకుని కొత్తదే కొనమనేవాణ్ని. కానీ మీ కొటేషన్ చూడండి. ఎక్స్ షోరూమ్, అంటే రోడ్డు పన్ను, ఇన్సూరెన్సు కలపని ధర 6.35 లక్షలు ఉంటుంది, దాని మీద లైఫ్ ట్యాక్స్ (ఒకేసారి కట్టే రోడ్డు పన్ను) 14 శాతం అంటేనే 89 వేలు. ఇన్సూరెన్సు 35 వేల చుట్టూ. ఈ లక్షా పాతిక వేలు మళ్లీ ఎప్పుడూ మీ చేతికి రావు. రేపు బండి అమ్మినా కొనేవాడు లైఫ్ ట్యాక్స్ కట్టారని విడిగా డబ్బివ్వడు. అదే మన రాష్ట్రంలోని పాత బండి కొంటే ఆ ట్యాక్స్ మొదటి ఓనరు కట్టేసి ఉంటాడు, మీరు మళ్లీ కట్టక్కర్లేదు. ఇన్సూరెన్సు కంపెనీల పట్టికలోనే ఆరు నెలలు దాటిన బండి విలువ 15 శాతం తగ్గుతుంది, నాలుగేళ్లు దాటితే సగమవుతుంది. వారమంతా ఇంటి ముందు నిలబడి ఉండే బండికి ఈ తరుగంతా మీ జీతంలోంచి ఎందుకు కట్టాలి?

ఇక ఢిల్లీ డీజిల్. దీని మీద కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే ధర చూసి మీ మనసు అటే లాగుతోందని ఉత్తరం చదివితే తెలుస్తోంది.

అంత చవకగా ఎందుకు వస్తోందో ముందు తెలుసుకోండి. ఢిల్లీలో పదేళ్లు దాటిన డీజిల్ కార్ల మీద 2015 నుంచి పర్యావరణ కేసులు చూసే గ్రీన్ ట్రిబ్యునల్, ఆ తర్వాత సుప్రీంకోర్టు ఆంక్షలు పెట్టాయి. మధ్యలో సడలింపులు వచ్చినా అక్కడి ఓనర్లకి ఆ భయం పోలేదు. పదేళ్లు దగ్గర పడుతుంటే వచ్చిన ధరకి వదిలించుకుంటారు. అవి లారీలెక్కి మన దాకా వస్తాయి. అందులో మోసం ఏమీ లేదు, మంచి బళ్లు కూడా వస్తాయి. చిక్కంతా తర్వాత మొదలవుతుంది. ఢిల్లీ ఆర్టీవో నుంచి ఎన్ఓసీ (అభ్యంతరం లేదనే కాగితం) రావాలి, ఇక్కడ ఆర్టీఏలో బండి చూపించాలి, బండి వయసుని బట్టి ఇక్కడి లైఫ్ ట్యాక్స్ కట్టాలి, అప్పుడు టీజీ నంబరు వస్తుంది. కన్సల్టెన్సీ ఆయన చెప్పిన 3.40 లక్షల్లో ఆ ట్యాక్స్ ఉందా అని అడిగారా? "పేపర్లన్నీ మేమే చూసుకుంటాం సార్" అంటారు. ఆ మాట నోటితో చెప్తారు, కాగితం మీద రాసివ్వమంటే నవ్వుతారు.

రెండోది, 71 వేలు. డీజిల్ కారు ఎవరు కొంటారు? బాగా తిరిగేవాళ్లు కొంటారు. 2017 నుంచి ఇప్పటిదాకా డీజిల్ బండి ఏడాదికి ఎనిమిది, తొమ్మిది వేలే తిరిగిందంటే నమ్మడానికి మనసొప్పదు. మీటరు వెనక్కి తిప్పడం ఈ రోజుల్లో అరగంట పని. మూడోది, మీ వాడకానికి డీజిల్ అవసరమే లేదు. పెట్రోల్ కంటే కిలోమీటరుకి రూపాయిన్నర మిగులుతుందనుకున్నా, 450 కిలోమీటర్లకి నెలకి ఏడొందలు. ఒక్క ఇంజెక్టర్ పోయిందంటే ఏడాది పైగా మిగిల్చిందంతా ఒక్క మధ్యాహ్నంలో అయిపోతుంది.

నా సంగతి ఒకటి చెప్తాను. 2017లో ఒక కన్సల్టెన్సీలో నేను సెకండ్ హ్యాండ్ కారు కొన్నాను. లోపల కొత్త సీటు కవర్లు, కొత్త మ్యాట్లు, మల్లెపూల వాసన వచ్చే డబ్బా. వానాకాలం వచ్చేసరికి డాష్‌బోర్డు మీద ఎర్ర లైట్లు ఒక్కొక్కటే వెలగడం మొదలైంది. ఏసీ వేస్తే చెరువు ఎండినప్పుడు వచ్చే వాసన. ముగ్గురు మెకానిక్‌లు మూడు రోగాలు చెప్పారు. నాలుగో అతను ముసలాయన. బానెట్ ఎత్తలేదు. డ్రైవర్ సీటు బెల్టు పట్టుకుని లాగాడు, ఇంకా లాగాడు, చివరిదాకా లాగాడు. చివరి జానెడు బెల్టు మీద మట్టి రంగు గీత ఉంది. అంతవరకు నీళ్లు నిలిచాయన్నమాట. 2015 చెన్నై వరదల్లో మునిగిన బండి అది. కడిగి, ఆరబెట్టి, పేపర్లు మార్చి నాకు అంటగట్టారు. బెల్టు చివర కడగడం మాత్రం మర్చిపోయారు.

అందుకని ఎవరి బండి చూసినా ముందు బెల్టు చివరిదాకా లాగండి. తర్వాత డిక్కీలో స్టెప్నీ తీసి కింద గుంట చూడండి, సీట్ల కింద పట్టాలకి తుప్పు ఉందేమో చూడండి. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడని, మున్నేరు ఖమ్మాన్ని ముంచాయి. అప్పుడు మునిగిన కార్లన్నీ తుక్కుకి వెళ్లలేదు. ఖమ్మం మీకెంత దూరం?

కాబట్టి నా ఓటు మీ కొలీగ్ స్విఫ్ట్‌కి. కాకపోతే అడిగిన ధరకి కాదు, ఇప్పుడున్న పేపర్లతోనూ కాదు.

ధర ముందు చూద్దాం. మొహమాటం ఉంది కాబట్టి బేరం మీరు ఆడకండి, లెక్కల చేత ఆడించండి. ఇప్పుడు 6.35కి దొరికే కొత్త బండి పాత జీఎస్టీ ఉంటే 6.90 దాటేది. కొత్తది అరవై వేల దాకా దిగినప్పుడు పాతది అక్కడే నిలబడదు. మీ కొలీగ్ మనసులో ఉన్న 4.70 జీఎస్టీ తగ్గకముందు ఎవరో చెప్పిన ధర అయి ఉంటుంది. పాత కార్లు కొనే ఆన్‌లైన్ కంపెనీలు ఇంటికొచ్చి చూసి ఊరికే ధర చెప్పి వెళ్తాయి. రెండు చోట్ల అతన్నే అడగమనండి. రెండిట్లో ఎక్కువ వచ్చిన ధర మీద ఓ పదిహేను, ఇరవై వేలు వేసి మీరు తీసుకుంటానని ముందే చెప్పండి. ఆ కంపెనీలకి అమ్మితే వచ్చే దానికంటే అతనికి ఎక్కువొస్తుంది, మార్కెట్లో కంటే మీకు తక్కువలో వస్తుంది, రేపు స్టాఫ్ రూమ్‌లో ఎదురుపడితే ఎవరికీ ఇబ్బంది ఉండదు. నా అంచనాలో 4.25, 4.30 దగ్గర తెగాలి.

ఇక పేపర్లు. లోను తీరినా ఆర్సీలో బ్యాంకు పేరుంటే బండి మీ పేరు మీదకి మారదు. బ్యాంకు ఎన్ఓసీ, ఫారం 35 పెట్టి హైపోథికేషన్, అంటే ఆర్సీలో ఉన్న బ్యాంకు తాకట్టు, తీయించుకోవాలి. లోను తీరినప్పుడే ఎన్ఓసీ ఇచ్చి ఉంటారు, బీరువాలో ఎక్కడో ఉంటుంది, కానీ దానికి గడువు ఉంటుంది. దాటిపోతే బ్యాంకులో మళ్లీ తీసుకోవాలి. ఆ తిరుగుడంతా అతనిదే, మీది కాదు. అది అయ్యాకే పేరు మార్పిడికి ఫారం 29, ఫారం 30 మీద సంతకాలు, ఆర్టీఏలో స్లాటు. అప్పటిదాకా టోకెన్ అడ్వాన్సు పది వేలు చాలు. చలాన్లు ఎన్ని పెండింగ్‌లో ఉన్నాయో నంబరు కొడితే తెలిసిపోతుంది, అవి కూడా అతనే కట్టాలి.

"మనం మనం ఒకటే కదా, పేరు తర్వాత మార్చుకుందాం" అంటాడేమో. అప్పుడు అతని మంచికే చెప్తున్నట్టు చెప్పండి. ఆర్సీలో ఎవరి పేరుంటే చట్టం దృష్టిలో వాడే ఓనరు, యాక్సిడెంట్ అయితే పరిహారం బాధ్యత కూడా అతనిదేనని 2018లో సుప్రీంకోర్టు తేల్చింది. మీరు నర్సంపేట రోడ్డులో ఎవరినైనా గుద్దితే నోటీసు అతనికి వస్తుంది. ఈ ఒక్క మాటతో మర్నాడే స్లాటు బుక్ చేస్తాడు.

ఇన్సూరెన్సులో చాలామంది పొరపాటు పడతారు. బండితో పాటు పాలసీ వస్తుందనుకుంటారు. పేరు మారిన 14 రోజుల్లోపు పాలసీ మీ పేరు మీదకి మార్పించుకోవాలి. లేకపోతే మీ బండికి దెబ్బ తగిలినప్పుడు క్లెయిమ్ దగ్గర చిక్కొస్తుంది. అతను ఏళ్ల తరబడి పోగేసుకున్న నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) మాత్రం మీకు రాదు, అది మనిషిది, బండిది కాదు. ఆ తేడా కొంత కట్టాలి, ముందే తెలిసుంటే ఉలిక్కిపడరు.

బండి చూడ్డానికి ఆదివారం పొద్దున్నే వెళ్లండి. ముందురోజు ఫోన్ చేసి, నేను వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దని చెప్పండి. చల్లగా ఉన్న ఇంజిన్ మొదటి నిమిషంలో చెప్పినంత నిజం వేడెక్కాక చెప్పదు. బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి, వెచ్చగా ఉంటే అప్పుడే ఒకసారి తిప్పాడన్నమాట. స్టార్ట్ చేశాక వెనక పొగ రంగు చూడండి. నీలంగా వస్తే ఆయిల్ తాగుతున్నట్టు. టైరు పక్కన నాలుగంకెలు ఉంటాయి. 3119 అని ఉంటే 2019లో 31వ వారంలో తయారైందని. నాలుగూ 2019వే అయితే రబ్బరు గట్టిపడి ఉంటుంది, మార్చడానికి దాదాపు 20 వేలు ధరలో తగ్గించమనాలి. 58 వేలే తిరిగిన బండికి క్లచ్, బ్రేక్ పెడళ్ల రబ్బరు నున్నగా అరిగిపోయి ఉండకూడదు. కంపెనీ సర్వీస్ సెంటర్లో బండి నంబరు చెప్తే ఏ తేదీన ఎన్ని కిలోమీటర్ల దగ్గర సర్వీసుకి వచ్చిందో మొత్తం ఉంటుంది. ఓనరుని పక్కన పెట్టుకుని అడిగితే చూపిస్తారు. అక్కడే లిఫ్టు మీద ఎక్కించి కింద కూడా చూపించండి, వెయ్యో రెండు వేలో అవుతుంది. నాలుగు లక్షల పైచిలుకు పెట్టేటప్పుడు అక్కడ పీనాసితనం వద్దు.

ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. 2019 బండి దానికోసం చేసింది కాదు. నడవదని కాదు, మైలేజీ కొంచెం తగ్గుతుంది. మొదటి సర్వీసులో పెట్రోల్ పైపులు, రబ్బర్లు ఒకసారి చూడమని మెకానిక్‌కి చెప్పండి.

డబ్బు సంగతి. బండికి 4.30, మొదటి నెల పనులకి, ఇన్సూరెన్సు మార్పుకి 40 వేలు పక్కన పెట్టుకోండి. ఆయిల్, ఫిల్టర్లు, బ్రేక్ ప్యాడ్లు, బ్యాటరీ, పాత బండికి ఇవి కొన్నవాడే చేయించుకోవాలి. మొత్తం 4.70. చిట్టీ డబ్బు అంతా ఊడ్చేయకండి, 50 వేలు ముట్టుకోకుండా ఉంచండి. తక్కువ పడేది 1.70 లక్షలు. పాత బండి లోనుకి వడ్డీ ఎక్కువే, 13 శాతం అనుకుందాం. మూడేళ్లకి నెలకి 5,730. మొత్తం వడ్డీ 36 వేలు. ఇందాకటి 2.11 లక్షల పక్కన పెట్టి చూడండి. మామగారు మెత్తబడి లక్ష ఇస్తే ఇది కూడా సగానికి పైగా తగ్గిపోతుంది.

ఇంకో మాట, కొత్తదైనా పాతదైనా. వారంలో ఐదు రోజులు కదలని బండిలో ఎలుకలు కాపురం పెడతాయి. వైర్లు కొరికి పెడితే పదివేల దాకా వదుల్తుంది. రెండు రోజులకోసారి బానెట్ ఎత్తి పెట్టండి, కారులో పిల్లల్ని బిస్కెట్లు తిననివ్వకండి. రెండోది ఎవరి వల్లా కాదనుకోండి.

చివరిగా, స్విఫ్ట్‌కి ఒక లోపం ఉంది. అది మెకానిక్‌కి దొరకదు. సీటు కిందికి ఉంటుంది, కూర్చోవాలంటే దిగబడాలి, లేవాలంటే మోకాళ్ల మీద బరువు పడుతుంది. ఈ కారు కొంటున్నదే మోకాళ్లు నొప్పి పెట్టే మనిషి కోసం. కాబట్టి అడ్వాన్సు ఇచ్చే ముందు బండిని ఒకసారి అడిగి తీసుకుని ఊరికి వెళ్లండి. నాన్నని ముందు సీట్లో కూర్చోబెట్టి నర్సంపేట దాకా తిప్పి తీసుకురండి. దిగేటప్పుడు మీరు చెయ్యివ్వకండి, పక్కన నిలబడి చూడండి. డోరు పట్టుకుని ఆయనంతట ఆయన లేస్తే బండి తీసేసుకోండి. రెండుసార్లు ప్రయత్నించి మీ వైపు చూశారంటే స్విఫ్ట్ వదిలేయండి. ఇదే డబ్బుకి, ఇదే వయసులో వ్యాగన్‌ఆర్ లాంటి ఎత్తు సీటు బండి వెతకండి. కొలీగ్ ఏమనుకుంటాడో అని అప్పుడు మళ్లీ మొహమాటపడకండి.